ఠాణా లెక్క మండల సభలో చదవండి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్లకు, ఎస్పీలకు, జిల్లా పరిషత్తులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఏ ఠాణాకు వెళ్లినా ఎస్సై గదిలో కుర్చీ వెనక గోడకు ఒక చెక్కబోర్డు ఉంటుంది. అక్కడ పనిచేసిన అధికారుల పేర్లు, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు పోయారు, వరుసగా తెల్లరంగుతో రాసి ఉంటాయి. ఫిర్యాదు పట్టుకుని కూర్చున్నవాడికి దాన్ని చదవడం తప్ప వేరే పని ఉండదు. తీరిగ్గా చదివితే అదొక ఆడిట్ రిపోర్టు. ఠాణా అధికారికి కనీసం రెండేళ్లు ఒకేచోట పనిచేసే వీలుండాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న చెప్పింది. బోర్డు మీద పోయిన తేదీలోంచి వచ్చిన తేదీ తీసేసి చూడండి, రెండేళ్లు నిండిన వరుసలెన్నో తేలిపోతుంది. ప్రమోషనో, రిటైర్మెంటో, సస్పెన్షనో అయితే మినహాయింపు ఉంది. ఆరు నెలలకే ముగిసిన వరుస పక్కన అలాంటి కారణమేదీ రాసి ఉండదు.

మేము అడగబోయేదంతా ఆ బోర్డు లాంటిదే. కొత్త చట్టం అక్కర్లేదు, ఠాణా మీద పెత్తనం అక్కర్లేదు. ఠాణాలో ఇప్పటికే ఏదో ఒక రిజిస్టర్లో రాస్తున్న అంకెలను మూడు నెలలకోసారి ఒక కాగితం మీదికి ఎక్కించి, మండల పరిషత్ మీటింగ్ హాల్లో ఎస్సై చేత చదివించండి. అడిగినదానికి అక్కడే జవాబు చెప్పించండి. ఏ కేసులో ఎవరిని పట్టుకోవాలి, ఎవరిని వదలాలి, ఎవరిని ఏ ఠాణాకు వేయాలి అనే మాటలు ఆ సభలో ఎత్తకూడదని మొదటి గీతలోనే రాసుకుందాం.

ఇది అడగాల్సి రావడానికి కారణం ఉంది. నీళ్లు, బడి, ఆస్పత్రి, రోడ్డు, ఆఖరికి పశువుల డాక్టరు సంగతి కూడా జడ్పీ సమావేశంలో అడగొచ్చు. జడ్పీకి ఏడు స్థాయీ సంఘాలుంటే అందులో ఒక్కటీ పోలీసులది కాదు. పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం; డబ్బు హైదరాబాదు నుంచి వస్తుంది, లెక్క తిరిగి హైదరాబాదుకే పోతుంది. మధ్యలో ఉన్న మండలానికి రెండూ కనిపించవు.

ముందు ఆ డబ్బు సంగతి. రాష్ట్ర బడ్జెట్‌లో పోలీసు ఖర్చు 2055 పద్దు కింద ఉంటుంది. అందులో జిల్లా పోలీసులది 109. దాని కింద మళ్లీ జీతాలు 010, ఆఫీసు ఖర్చులు 130, పెట్రోలు, డీజిలు 240 అని గీతలు. సింహభాగం జీతాలకే పోతుంది, మిగిలేది చాలా సన్నం. ఆ సన్నపు ముక్క ఎస్పీ ఆఫీసుకు వచ్చాక ఏ ఠాణాకు ఎన్ని లీటర్లు, ఎన్ని కాగితపు కట్టలు, ఎంత రొక్కం వెళ్లిందన్నది బడ్జెట్ పుస్తకంలో దొరకదు. పద్దు జిల్లా దగ్గరే ఆగిపోతుంది. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఠాణాల నిర్వహణకు నెలకు హైదరాబాద్ నగరంలో రూ. 75 వేలు, జిల్లా కేంద్రాల్లో రూ. 50 వేలు, మండలాల్లో రూ. 25 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. గడిచిన పన్నెండు నెలల్లో అది మీ ఠాణాకు ఎన్ని నెలలు అందింది, ఏ తేదీన అందింది? మా కాగితంలో మొదటి గడి ఇదే.

ఎందుకంటే ఖర్చు ఆగదు. చెరువులో గుర్తు తెలియని శవం తేలితే బయటికి తీసినవాళ్లకు కూలి ఇవ్వాలి, మార్చురీకి ట్రాలీ ఆటో మాట్లాడాలి, గుడ్డ కొనాలి, ఎవరూ రాకపోతే పూడ్పించాలి. విసెరా (శవపరీక్షలో తీసిన లోపలి అవయవాల ముక్కలు) సీసాలు పట్టుకుని హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబుకు పోయే కానిస్టేబుల్‌కు బస్సు చార్జీ, పూట భోజనం కావాలి. రిమాండుకు తీసుకుపోయే మనిషికి వైద్య పరీక్ష చేయించాలి, కోర్టుకు, అక్కడి నుంచి జైలుకు బండి కట్టాలి. చార్జిషీటు ఒక్కో నిందితుడికి ఒక్కో సెట్టు జిరాక్సు తీయాలి. పాత సీఆర్పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి. ఆ ఫోను ఎవరిది, అందులో డేటా ఎవరు వేయించాలి అన్నది కూడా ఖర్చు లెక్కే.

టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లు పెట్టుకుంటే వస్తుంది, ఎప్పుడొస్తుందో పెట్టినవాడికే తెలియదు. దాంతో ఖర్చు పక్కకు జారి ఎదురుగా నిలబడ్డవాడి జేబులో పడుతుంది. "బండిలో డీజిల్ లేదు, ఆటో మాట్లాడుకో." "ఆ జిరాక్సులు నువ్వే తెచ్చుకో." "వచ్చేటప్పుడు ఒక పేపర్ కట్ట పట్టుకురా." ఈ మొదటి రెండు వందలు లంచమని ఇచ్చేవాడికీ అనిపించదు, తీసుకునేవాడికీ అనిపించదు. ఆ తర్వాత ఎక్కడ ఆగాలో మాత్రం ఇద్దరికీ గుర్తుండదు. ఠాణాకు ఇవ్వాల్సింది టైముకు ఇచ్చారా లేదా అని మేము పట్టుబట్టడం సిబ్బందిని ఇరుకున పెట్టడానికి కాదు. వాళ్లు ఇరుకున పడేది అక్కడే.

డీజిల్ లెక్క తీయడం కష్టమేమీ కాదు. ఇరవై అయిదు ఊళ్ల మండలంలో రాత్రి గస్తీ ఒక చుట్టు 60 కిలోమీటర్లు, పగటి పిలుపులకు మరో 60 అనుకుందాం. లీటరుకు 12 ఇచ్చే బండి రోజుకు 10 లీటర్లు తాగుతుంది, నెలకు 300. కేటాయించింది 150 అయితే నెలలో సగం రోజులు గస్తీ తిరిగేది పుస్తకంలోనే. బండి లాగ్‌బుక్కులో నెల మొదటి రీడింగు, చివరి రీడింగు, పోయించిన లీటర్లు ఉంటాయి. ఆ మూడు అంకెలు చదివితే చాలు. చందంపేట, నేరెడుగొమ్ము తండాలకో, అమ్రాబాద్, పదర వైపు ఊళ్లకో బండి ఎందుకు ఆలస్యమవుతుందో సగం అందులోనే అర్థమవుతుంది.

ఇప్పుడు దాతల సంగతి. హైవే కూడలిలో పోలీసు బారికేడ్‌ను దగ్గరికెళ్లి చూడండి. పైన ఎర్ర అక్షరాలతో 'స్లో' అని ఉంటుంది. కింద రేకు మీద ఒక ప్రైవేటు ఆస్పత్రి పేరో, నగల దుకాణమో, ప్లాట్ల వెంచరో, ఫోన్ నంబరుతో సహా కనిపిస్తుంది. వాహనదారుణ్ని ఆపే అధికారం ప్రభుత్వానిది, ఆపిన చోట చదివించేది ప్రకటన. ఠాణాలో కూలరు, సందర్శకుల కుర్చీలు, ముందు రేకుల షెడ్డు, ఊళ్లో సీసీ కెమెరాలు, వీటిలో చాలా భాగం ఇలా చందాలతో వచ్చినవే. 'నేను సైతం' పేరుతో ఊరూరా కెమెరాలు పెట్టించింది కూడా అలాగే. దానం తప్పని మేము అనడం లేదు. ఆ కెమెరాలు దొంగల్ని పట్టించిన ఊళ్లూ ఉన్నాయి. రశీదు లేకపోవడం తప్పు. ఒక మిల్లు యజమాని లక్ష రూపాయల కెమెరాలు ఇచ్చాడనుకోండి. నెల తిరగకుండానే ఆ మిల్లులో హమాలీ చెయ్యి బెల్టులో పడి నలిగింది. ఎస్సై నిక్కచ్చిగానే కేసు రాయొచ్చు. కానీ కెమెరాలిచ్చినప్పటి ఫొటోలో ఆయన పక్కన నిలబడ్డది ఎవరో హమాలీ ఇంటివాళ్లకు తెలుసు. రాసింది నిక్కచ్చి అని వాళ్లు ఎట్లా నమ్మాలి?

కాబట్టి రొక్కం అసలే వద్దు. వస్తువైతే బిల్లుతో సహా స్టాక్ రిజిస్టర్లో ఎక్కాలి. ఇచ్చింది ఎవరు, ఏమిటి, ఖరీదు ఎంత, ఏ తేదీన, ఆ రోజుకు ఇచ్చినవారి మీద గానీ వారి సంస్థ మీద గానీ అదే ఠాణాలో కేసో, దర్యాప్తులో ఉన్న ఫిర్యాదో ఉందా అన్న అయిదు గడులు నింపాలి. చివరి గడిలో 'ఉంది' అని వస్తే వస్తువు వెనక్కి పోవాలి. మద్యం దుకాణాలవాళ్ల నుంచి, ఇసుక ట్రాక్టర్లవాళ్ల నుంచి ఏ పరిస్థితిలోనూ తీసుకోకూడదు. బారికేడ్ల మీద ప్రకటనలు తీసేయడానికి ఒక డబ్బా రంగు చాలు.

కెమెరాలు పెట్టిన రోజు ఫ్లెక్సీ కడతారు. మూడో ఏడు వాటిని ఎవరు చూస్తున్నారు? స్తంభం మీద పెట్టెను ఒకసారి తెరిపించండి. లోపల ఒక చిన్న స్విచ్, 12 వోల్టుల అడాప్టర్, ఫైబర్‌ను వైరుకు కలిపే ఒక డబ్బీ, ఉంటే ఒక యూపీఎస్, అందులో ఉబ్బిన బ్యాటరీ. రబ్బరు అంచు ఎండకు పగిలి వాన నీళ్లు దిగుతాయి. బల్లి దూరి అడాప్టర్ మీద కాలిపోతుంది. ఎర్త్ వేయని స్తంభమైతే తొలకరి పిడుగుకే స్విచ్ పోతుంది. కోతులు వైరు పట్టుకుని ఊగుతాయి. పైపులైను కోసం జేసీబీ తవ్వితే ఫైబర్ తెగుతుంది. ఎవరూ పట్టించుకోనిది మరొకటుంది: రాత్రి పూట ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగే కెమెరా ముందు పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది. పగలు బొమ్మ శుభ్రంగానే ఉంటుంది, రాత్రి మాత్రం అంతా తెల్లటి పొగ. దొంగతనం జరిగేది రాత్రే. కర్రకు చీపురు కట్టి పదిహేను రోజులకోసారి దులిపితే పోయేదానికి కేసే పోతోంది.

రికార్డయినా నిలవ ఉండదు. మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు దాదాపు 21.6 జీబీ అవుతుంది. ఆరు కెమెరాలకు 130 జీబీ. ఊళ్లో పెట్టిన 2 టీబీ డిస్కు పదిహేను రోజులకే నిండి పాతదాని మీద కొత్తది ఎక్కిస్తుంది. 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం జనం ఎక్కువగా వచ్చే దుకాణాలను, సంస్థలను 30 రోజుల ఫుటేజీ ఉంచమంటోంది. ఠాణా తానే పెట్టించిన కెమెరాలకు అందులో సగానికి మించి దిక్కులేదు. ఇంకో చిన్న జబ్బు: రికార్డర్ లోపలి గుండీ బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. కోర్టులో డిఫెన్స్ లాయరు అడిగే మొదటి ప్రశ్న ఆ తేదీ మీదే. పెన్‌డ్రైవ్‌లో ఊరికే కాపీ చేసి ఇస్తే అదీ నిలవదు. పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చిన సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ కింద హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) రాసిన సర్టిఫికెట్ జతచేయాలి, అందులో 'ఎ' భాగం ఇచ్చినవారు, 'బి' భాగం నిపుణుడు నింపాలి. ఈ సర్టిఫికెట్ నింపడం వచ్చినవాళ్లు మీ ఠాణాలో ఎందరు? నేర్పడానికి ఒక పూట చాలు.

ప్రతి కెమెరాకూ స్తంభం మీద నంబరు వేయండి. నంబరు, చోటు, నడుస్తోందా, ఆగితే ఏ తేదీ నుంచి, ఎన్ని రోజుల ఫుటేజీ ఉంది అన్నది కాగితంలో రావాలి. కరెంటు పంచాయతీ మీటరు నుంచి పోతోంది కనుక నిర్వహణ ఎవరిదో గ్రామసభ తీర్మానంతో తేల్చండి. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాల్సిందే. పంచాయతీ గోడ మీద పేరు, నంబరు రాసి ఉన్న విలేజ్ పోలీస్ ఆఫీసర్ ఆ రోజు వచ్చి కూర్చుంటే సగం పని అయిపోతుంది.

ఊరి కెమెరాల కన్నా ముఖ్యమైనవి ఠాణా లోపలివి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం చదివినవాళ్లు మీలోనే తక్కువని మా అనుమానం. వచ్చే పోయే దారులన్నీ, గేటు, లాకప్పులు, వాటి బయటి భాగం, కారిడార్లు, వరండా, రిసెప్షన్, హాలు, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, డ్యూటీ ఆఫీసర్ గది, మరుగుదొడ్ల బయట, ఠాణా ముందు, వెనక, ఇన్ని చోట్ల రాత్రి కూడా కనిపించే, మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలి. ఫుటేజీ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలి. పైన చెప్పిన లెక్కే వేయండి: 14 కెమెరాలకు రోజుకు 302 జీబీ, ఏడాదికి దాదాపు 110 టీబీ. 4 టీబీ డిస్కున్న రికార్డర్ ఠాణాలో పెట్టి 'ఆదేశం అమలైంది' అని రిపోర్టు పంపితే, నిజానికి అందులో ఉండేది 13 రోజుల ఫుటేజీ. లాకప్‌లో కొట్టారని నెల తర్వాత మనిషి కోర్టులో చెబితే 'ఓవర్‌రైట్ అయింది' అన్న జవాబు రావడానికి చాలాసార్లు కుట్ర అక్కర్లేదు, ఈ లెక్క చాలు. కుట్రకు కూడా ఇదే లెక్క అక్కరకొస్తుంది.

అదే ఆదేశంలో మీ ముగ్గురికీ పని ఉంది. జిల్లా పర్యవేక్షణ కమిటీలో కలెక్టర్, ఎస్పీలతో పాటు మున్సిపాలిటీ మేయర్ లేదా జడ్పీ అధ్యక్షులు సభ్యులు. కెమెరా చెడితే ఠాణా అధికారి వెంటనే ఈ కమిటీకి చెప్పాలి; కమిటీ నెలనెలా రాష్ట్ర కమిటీకి నివేదిక పంపాలి; ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా ఫుటేజీ తెప్పించి చూసి, లోపల హక్కుల ఉల్లంఘన జరిగిందేమో గమనించాలి. పోలీసు పనిని చూడమని ఎన్నికైన ప్రతినిధిని దేశంలో అత్యున్నత కోర్టు కూర్చోబెట్టిన కుర్చీ ఇది. 2024 జూలైలో జడ్పీల గడువు ముగిసి కలెక్టర్లే ప్రత్యేకాధికారులైనప్పుడు ఆ కుర్చీలోనూ కలెక్టరే, ఈ కుర్చీలోనూ కలెక్టరే. తనిఖీ చేయాల్సిన ముగ్గురు ఇద్దరయ్యారు. అలాంటి ఖాళీ వచ్చినప్పుడు ఒక మున్సిపల్ చైర్‌పర్సన్‌ను ఆహ్వానితులుగా పిలవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. గుమ్మం దగ్గర తెలుగులో బోర్డు కూడా ఉండాలి: ఇక్కడ కెమెరాలున్నాయి, హక్కులకు భంగం కలిగితే మానవ హక్కుల కమిషన్‌కు, కోర్టుకు, ఎస్పీకి ఫిర్యాదు చేయొచ్చు, ఫుటేజీ భద్రపరచమని అడిగే హక్కు మీకుంది అని. ఏ ఠాణాలో ఆ బోర్డు ఉందో, ఏ ఠాణాలో లేదో తెలుసుకోవడానికి కమిటీ కూర్చోనక్కర్లేదు, గేటు దగ్గర నిలబడితే చాలు. దాని పక్కనే బీఎన్ఎస్ఎస్ 37 ప్రకారం అరెస్టయినవారి వివరాల బోర్డు, దానికి బాధ్యుడైన ఏఎస్సై లేదా పై అధికారి పేరు కూడా ఉండాలి.

ఇక పనితీరు. నెలవారీ సమీక్షలో 'కేసులు తగ్గాయి' అంటే శభాష్ అనడం మానండి. శభాష్ కోసమే కేసులు తగ్గుతాయి. నేరాలు తగ్గవు, రాయడం తగ్గుతుంది. "రాజీ పడుర్రి, ఊళ్లె ఉండేటోళ్లు" అన్న మాటతో ఎన్ని దరఖాస్తులు ఆగిపోతున్నాయో లెక్కలోకి రాదు. కనుక ఎఫ్ఐఆర్ల సంఖ్య ఒక్కటే కాదు, వచ్చిన దరఖాస్తులెన్ని, రశీదు ఇచ్చినవెన్ని, ఎఫ్ఐఆర్ అయినవెన్ని, సివిల్ గొడవని పక్కన పెట్టినవెన్ని, బీఎన్ఎస్ఎస్ 173(3) కింద డీఎస్పీ అనుమతితో 14 రోజుల విచారణకు పోయినవెన్ని అని పక్కపక్కన రాయండి. దరఖాస్తుకూ ఎఫ్ఐఆర్‌కూ మధ్య పట్టిన రోజులు రాయండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితుడికి తెలపాలని 193వ సెక్షన్ చెబుతోంది; ఎంతమందికి తెలిపారు?

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక దొంగతనాన్ని ఉదాహరణగా తీసుకోండి. బోరు మోటారు కేబుల్, స్టార్టర్ డబ్బా, ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగి తీగ. సాగర్ ఎడమ కాలువ కింద గానీ, పాలమూరు బోర్ల కింద గానీ రైతును అడగండి, ఎన్నిసార్లు పోయిందో చెబుతాడు. ఠాణా లెక్కలో వెతికితే అంతగా కనిపించదు. ఎందుకంటే ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో రూ. 5,000 కంటే తక్కువ విలువైన దొంగతనం నాన్-కాగ్నిజబుల్. కేబుల్ ఖరీదు రూ. 4,800 అని రాస్తే ఎఫ్ఐఆర్ లేదు, దర్యాప్తు లేదు. డైరీలో రాసి మేజిస్ట్రేట్ దగ్గరికి పొమ్మనొచ్చు. రూ. 5,200 అని రాస్తే కేసు. ఆ నాలుగు వందల తేడా ఎవరి చేతిలో ఉంటుందో చెప్పనక్కర్లేదు. పాత కేబులని సగం ధర కడితే ప్రతి కేబులూ అయిదు వేల లోపే వస్తుంది. తీగ పోయిన రైతుకు నష్టం తీగ ధర కాదు. తెచ్చుకుని దించేసరికి నాలుగు రోజులు తడి ఆగిన పొట్టదశ వరి. ఒక్కో రైతుది నాలుగు వేలే, కానీ ఒకే రాత్రి ఒకే కాలువ మీద ఏడు మోటార్ల తీగలు కోస్తే కోసింది ఒకే ముఠా, అమ్మింది ఒకే పాత ఇనుప సామాన్ల కొట్టుకు. విడివిడిగా రాస్తే అది ఏడు చిన్న డైరీ రాతలు. బీఎన్ఎస్ఎస్ 174వ సెక్షన్ ప్రకారం ఇలాంటి డైరీ రాతలన్నీ పదిహేను రోజులకోసారి మేజిస్ట్రేట్‌కు పంపాలి కనుక సంఖ్య ఠాణాలో ఉంటుంది. దాన్ని ఊరి పేర్లతో చదవండి. ఏ కాలువ మీద గస్తీ తిప్పాలో సర్పంచులే చెబుతారు.

ప్రాధాన్యం అంటే మా ఉద్దేశం ఇదే. డ్రంకెన్ డ్రైవ్ కేసులు, చలానాలు వద్దనడం లేదు. కానీ చలానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకే పోతుంది, ఠాణాకు తిరిగి రాదు, మన రోడ్డు మీద గుంతకూ రాదు. సాయంత్రం రెండు గంటలు అయిదుగురు సిబ్బంది కూడలిలో నిలబడితే ఆ రెండు గంటలు కాలువ మీద ఎవరూ లేరు. రెండూ అవసరమే, ఎంత ఎక్కడ అన్నది మండలం ముందు చెప్పి చేయాలి.

65వ నంబరు, 44వ నంబరు జాతీయ రహదారులు మన మధ్య నుంచే పోతున్నాయి కనుక ప్రమాదాల కాగితాలను ప్రత్యేకంగా చూడాలి. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి రిపోర్టు, 50 రోజుల్లో మధ్యంతర రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అది ఆలస్యమైతే చచ్చిపోయినవాడి భార్యకు పరిహారం అన్నేళ్లు వెనక్కి పోతుంది. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే మృతికి రూ. 2 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 50 వేలు వస్తాయి. దరఖాస్తు ఆర్డీవోకు పెట్టాలి. నెల రోజుల్లో బండి జాడ తెలియకపోతే ఈ పథకం సంగతి బాధితులకు రాతపూర్వకంగా తెలపాలని సుప్రీంకోర్టు 2024 జనవరిలో పోలీసులను ఆదేశించింది. మీ సర్కిల్‌లో జాడ తెలియని కేసులెన్ని, పంపిన ఉత్తరాలెన్ని? ఈ రెండు అంకెలు సమానంగా ఉండాలి.

100 నంబరుకు వచ్చిన పిలుపులకు సగటు సమయం చెప్పవద్దు. ఠాణా పక్క వీధికి మూడు నిమిషాల్లో పోయిన పిలుపులు తండాకు గంట పట్టినదాన్ని కప్పేస్తాయి. అన్నిటికంటే ఆలస్యమైన పది పిలుపులు, ఊరు, పట్టిన సమయం, కారణం చదవండి. 1930 నంబరుకు వచ్చే సైబర్ మోసాల ఫిర్యాదుల్లో బ్యాంకులో ఆపిన సొమ్ము వేరు, బాధితుడి ఖాతాలో తిరిగి పడింది వేరు; పత్రికలకు మొదటిదే ఇస్తారు, మాకు రెండోది కావాలి.

సిబ్బంది లెక్కలో కూడా ఇలాంటి మాయే ఉంది. మంజూరైనవారు, ఉన్నవారు అని రెండు గడులు పెడితే చాలదు. 'ఈ రోజు ఠాణాలో నిజంగా ఉన్నవారు' అన్న మూడో గడి కావాలి. కోర్టు డ్యూటీ, తపాలా, గన్‌మన్, డీఎస్పీ ఆఫీసు అటాచ్‌మెంట్ తీసేయండి. చెర్వుగట్టు, పెద్దగట్టు, కురుమూర్తి, సలేశ్వరం జాతరలు, మేడారం, వీఐపీ రాకలు, సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురు నిలబడ్డ 2023 నవంబరు లాంటి రోజులు తీసేయండి. రోజుకు రూ. 1,000 మీద పనిచేసే హోంగార్డు ఏ ఠాణా పట్టీలో ఉన్నాడు, ఎవరి దగ్గర పనిచేస్తున్నాడు అన్నది కూడా రాయండి. పట్టీలో ముప్ఫైమంది ఉన్న ఠాణాలో రాత్రి పిలుపుకు కదిలేవాళ్లు ఇద్దరైతే, తిట్టాల్సింది ఆ ఇద్దర్ని కాదు.

మీకు వచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు. రహస్యాలు బయటపడతాయంటారు. మేము అడిగిన వాటిలో నిందితుడి పేరు లేదు, ఫిర్యాదుదారు పేరు లేదు, నిఘా విభాగం సంగతి అసలే లేదు. కేటాయింపులు, ఖర్చులు తనంత తానుగా ప్రకటించాలని సమాచార హక్కు చట్టం 4(1)(బి) 2005 నుంచి చెబుతూనే ఉంది. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: సభ పెడితే రాజకీయ నాయకులు ఠాణాలోకి దూరతారని. ఇప్పుడు దూరడం లేదా? సిఫారసు ఉత్తరంతో, ఫోన్‌తో, తలుపు వేసుకుని జరిగేదానికి సాక్షులుండరు. మండల సభలో నలభైమంది ముందు ఎంపీపీ 'మా వాడి కేసు ఏమైంది' అని అడిగితే, ఆ ప్రశ్న మినిట్స్‌లో ఎక్కుతుంది. అడగడానికే వెనకాడతారు.

సభలో సర్పంచులతో పాటు మండల సమాఖ్య మహిళలు ఇద్దరు, ఎస్సీ, ఎస్టీ వాడల నుంచి ఇద్దరు, ఒక హెడ్మాస్టర్, ఒక న్యాయవాది, వ్యాపారుల్లో ఒకరు ఉంటే సరిపోతుంది. మద్యం, ఇసుక కాంట్రాక్టులున్నవారు వద్దు. ఎస్సై ఇరవై నిమిషాలు చదవాలి, గంట ప్రశ్నలు. ఎస్సై బదిలీ అయితే సీఐ చదవాలి, వాయిదా పడకూడదు. జవాబు లేని ప్రశ్నకు 'వచ్చే సభలో' అని రాసి, వచ్చే సభ దానితోనే మొదలవ్వాలి. మినిట్స్ వారంలో గోడకు అతికించాలి.

జిల్లాలో మూడు కమిటీలు ఇప్పటికే ఉన్నాయి: ఠాణా కెమెరాలది, రోడ్డు భద్రతది, ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక నిబంధనల్లో 17వది చెప్పిన విజిలెన్స్ కమిటీ. మూడోది కలెక్టర్ అధ్యక్షతన కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. అందులో 60 రోజుల గడువులో వేసిన చార్జిషీట్లెన్ని, దాటినవెన్ని, దాటినదానికి కులధ్రువీకరణ పత్రం రాకపోవడం కారణమా, గాయాల సర్టిఫికెట్ రాకపోవడమా అన్నది చూస్తే ఎవరి బల్ల దగ్గర ఆగిందో తెలుస్తుంది. చాలాసార్లు అది ఠాణా బల్ల కాదు. మూడింటినీ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి పెట్టండి. మండల కాగితాలన్నీ ఆ రోజు బల్ల మీద ఉండాలి. ప్రతి నెలా 30న జరపాల్సిన పౌరహక్కుల దినం ఏ వాడలో జరిగింది, ఎస్సై, తహసీల్దార్ ఇద్దరూ వచ్చారా అన్నది కూడా అక్కడే తేల్చండి. డీఎస్పీ స్థాయి వరకు ఉన్నవారి మీద ఫిర్యాదులు వినడానికి రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షతన జిల్లా ఫిర్యాదుల సంస్థ ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసు 2006 తీర్పులోనే ఉంది. అది ఎక్కడ కూర్చుంటుంది, ఉత్తరం ఏ చిరునామాకు రాయాలి అన్నది ప్రతి ఠాణా గుమ్మం మీద రాయించండి.

అన్ని మండలాల్లో ఒకేసారి మొదలుపెట్టమని అడగడం లేదు. డివిజన్‌కు ఒక మండలం తీసుకోండి, వీలైతే ఒకటి హైవే మీదిది, ఒకటి కాలువ కిందిది, ఒకటి అడవి అంచుది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు లెక్క జూలై 15 లోపు చదివించండి. ఎస్సై తెచ్చుకోవాల్సినవి: జనరల్ డైరీ, దరఖాస్తుల రిజిస్టర్, బండి లాగ్‌బుక్కు, స్టాక్ రిజిస్టర్, కెమెరాల జాబితా. మొదటి కాగితం చేతిరాతతో ఉన్నా, కొన్ని గడులు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. ఏ గడి ఎందుకు ఖాళీ అన్నది పక్కన రాస్తే చాలు.

ఈ లేఖకు జవాబు మాకు విడిగా పంపనక్కర్లేదు. ఏ మండలంలో, ఏ తేదీన మొదటి సభ అన్నది సోమవారం ప్రజావాణి జరిగే హాలు బయట బోర్డు మీద రాయించండి. మేము వచ్చి చదువుకుంటాం.

ఇట్లు,
నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు చెందిన కొందరు న్యాయవాదులు, రిటైర్డ్ ఉద్యోగులు, సమాచార హక్కు దరఖాస్తుదారులు